తడి బండ మీద ఏసేపన్న

ఎవరింటికైనా పోతే మనుషులు కూర్చుంటారు. మా ఏసేపన్న కూర్చోడు. చెంబెడు నీళ్లడిగి, వాటిని తాగకుండా ఆ ఇంటి నేల మీద పోసి, దాని మీద అటూ ఇటూ నడుస్తాడు. ఒకసారి చెప్పులతో, ఒకసారి ఉత్త కాళ్లతో. జారితే ఇంటివాళ్లను తిడతాడు. జారకపోతే అప్పుడు కూర్చుని కాఫీ అడుగుతాడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. తాగుడు లేదు, బీడీ లేదు, పేకాట లేదు. దీనికన్నా పేకాటే నయమని ఆయన భార్య రత్నమణక్క నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

నాలుగు వానలు పడే ఊళ్లో అయితే ఎవరూ పట్టించుకోకపోదురు. మాది ఎర్రగుంట్ల పక్కన. ఎండాకాలంలో ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. వచ్చిన రోజు బిందెల కోసం వదినా ఆడబిడ్డలు కూడా జుట్లు పట్టుకుంటారు. అట్లాంటి చోట తాగే నీళ్లు తీసుకుపోయి నేల పాలు చేసేవాణ్ణి చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

"మా ఆయన గొంతెండినా తాగడమ్మా. బండలకు తాపిస్తాడు" అనేది రత్నమణక్క.

ఊళ్లో కొత్తగా బ్యాంకు తెరిచిన రోజు ఈయన చెంబుతో లోపలికి పోయాడు. డబ్బు కట్టే కిటికీ ముందు నీళ్లు కుమ్మరించాడు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు.

"ఏమప్పా, దుడ్లు కట్టేకి వచ్చినావా, తీసుకునేకి వచ్చినావా?"

"రెండూ కాదు. పడతానో లేదో చూసేకి వచ్చినా."

"పడేకి బ్యాంకే దొరికిందా నీకు?"

"ముసలోళ్లు పింఛను కోసం వచ్చేది నీ ఇంటికి కాదు గదప్పా, ఈడికే గదా" అని, రెక్క విడిపించుకుని, రెండడుగులు వేసి, సర్రున జారి, మేనేజరు బల్ల కాళ్ల దగ్గర తేలాడు. పడినచోటి నుంచే మేనేజరుకు నమస్కారం పెట్టాడు.

చర్చిలో కొత్తగా బండలు పరిచినప్పుడు మరీ ఘోరం. ప్రతిష్ఠ రోజు, జనమంతా నిలబడి ఉన్నారు. అయ్యగారు తెల్లంగీ వేసుకుని, బైబిలు పట్టుకుని, గుమ్మంలో అడుగు పెట్టబోతున్నారు. "అయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి" అని అరిచి ఏసేపన్న చెంబు వంచాడు. గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడిచాడు. తిరిగి వచ్చాడు. పాట పాడేవాళ్లు నోరు తెరిచి పెట్టుకుని అట్లాగే ఉన్నారు. ఎక్కడా జారలేదు. ఏసేపన్న గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా "ఆమెన్" అన్నాడు. ఆ తర్వాతే ప్రార్థన మొదలైంది.

ఇక సొంత కూతురు జీవిత నిశ్చితార్థం. ఫంక్షన్ హాలు వేదిక మెట్ల మీద నీళ్లు పోసి, పెళ్లికొడుకు తరఫువాళ్లను కింద నిలబెట్టేశాడు. "నాలుగో మెట్టు మంచిది కాదు, ఆరినాక ఎక్కండి" అంటాడు. పెళ్లికొడుకు మేనమామకు ఒళ్లు మండింది. బూట్లేసుకున్న కాలితో సరిగ్గా నాలుగో మెట్టే తొక్కాడు. మేళం ఆగింది. మేనమామను లేపి కూర్చోబెడితే, "ఈ సంబంధం వద్దు, పాండి" అన్నాడు. జీవిత ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను దాని పక్కనే ఉన్నాను, నా చెయ్యి పట్టుకుంటే గోళ్లు దిగబడ్డాయి. చివరికి పెళ్లికొడుకే నోరు తెరిచాడు. "మామా, ఆయప్ప నాలుగో మెట్టని చెప్పినాడు గదా. చెప్పినాక గూడా ఎక్కింది నువ్వు." ఆ పిల్లగాడు ఇప్పటికీ అల్లుడిగా ఏసేపన్న ఇంటికి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని జాగ్రత్తగా అడుగేస్తాడు.

ఇంతకూ ఏసేపన్నకూ బండలకూ సంబంధం ఏమిటంటే, ఆయన పని చేసేది మా దగ్గర. మాది నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. కడప బండలని మీరు వినే ఉంటారు, ఆ నల్ల బండలే. మా అబ్బా, అంటే మా నాయన, దాదా ఖలందర్ పెట్టాడు. ఇప్పుడు మిషన్లు మా తమ్ముడు అక్రమ్ చూస్తాడు, ఆర్డర్లూ లారీలూ తిట్లూ నేను చూస్తాను. నా పేరు షమా. ఏసేపన్న ఇరవై ఆరేళ్లుగా మా దగ్గర బండలు ఏరి, సుద్దతో గుర్తు పెట్టి లోడింగుకు పంపే మనిషి.

ఆ గుర్తులు కూడా ఆయన సొంతమే. ఆయన దృష్టిలో లోకంలో మూడే రకాల బండలు. ముసలమ్మ ఒంటరిగా నడవగలిగేది ముసలమ్మ బండ. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప నడవలేనిది పెండ్లికొడుకు బండ. బూట్లేసుకున్నవాడు కూడా పడేది పోలీసు బండ. కొనేవాళ్లకు కావలసింది ఎప్పుడూ పోలీసు బండే. "మొహం కనపడాలప్పా అందులో" అంటారు.

"మొహం చూసుకునేకి అద్దం కొనుక్కో. బండ కాళ్లకు" అని ఏసేపన్న వాళ్ల మొహానే అనేవాడు. అట్లా మాకు పోయిన బేరాలు నాకు తెలుసు.

నేను తీసేద్దామన్నప్పుడల్లా అబ్బా ఒకటే మాట. "ఉండనీ బేటీ. మన ఫ్యాక్టరీలో నీళ్లు పోసి చూసేవాడు ఒకడన్నా ఉండాల."

మా కరువు సీమలో అందరం చేసే తప్పొకటి ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. బండ మిషను కింద తడుస్తుంది, నిజమే. కానీ దాన్ని ఎండలో నిలబెట్టి, ఆరబెట్టి, గుడ్డతో తళతళలాడేట్టు తుడిచి, అప్పుడు కొనేవాడికి చూపిస్తాం. ఏడాదికి పట్టుమని పదిరోజులు వాన పడని చోట, నేల ఆరి ఉండడమే నేల స్వభావం అనుకుంటాం. తడిస్తే ఏమవుతుందని ఎవడూ అడగడు. అడిగేవాడు ఒక్కడే, వాడు పిచ్చివాడు.

పోయినేడు మా పరిస్థితి అధ్వాన్నమైంది. అందరూ టైల్స్ వేస్తున్నారు. నలభై ఆరు మందిలో పన్నెండు మందిని పంపేశాం. ముప్పై నాలుగు మంది మిగిలారు. ఇట్లాగే ఉంటే నెలాఖరుకు షట్టరు దించాలని నేనూ అక్రమూ లోలోపల అనేసుకున్నాం. అప్పుడు వచ్చింది పట్నం మెట్రో ఆర్డరు.

అక్కడ మెట్రో రైలును పొడిగిస్తున్నారు. మూడు పెట్టెల రైళ్లు ఆరు పెట్టెలవుతాయట, పాత ప్లాట్‌ఫారాలు సాగదీయాలట, ఊరి అవతలి దాకా కొత్తగా తొమ్మిది స్టేషన్లు కట్టాలట. మొదటి స్టేషనుకు బండలు మాకిచ్చారు. అవి నచ్చితే తొమ్మిదీ మాకే. నచ్చకపోతే ఒక్కటీ లేదు. తొమ్మిది స్టేషన్లంటే ముప్పై నాలుగు ఇళ్లకు మూడేళ్ల అన్నం.

బండలు చూసి లారీ ఎక్కించడానికి కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు ప్రవీణ్ వస్తున్నాడని ఫోనొచ్చింది. లారీ సాయంత్రం ఐదుకల్లా కదలాలి. తెల్లారేలోపు చేరకపోతే పట్నంలోకి లారీని రానివ్వరు. మర్నాడు పొద్దున్నే బండలు పరిచే మేస్త్రీలు కాచుకుని ఉంటారు. కాగితం మీద రాసుకున్నది అద్దంలాంటి పాలిష్. మేం చేసింది కూడా అదే. బండల్లో చూసి నేను తల దువ్వుకున్నాను.

నాకున్న భయం ఒక్కటే. దాని పేరు ఏసేపు.

అందుకే ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆయన్ను పిలిచి, "ఏసేపన్నా, కడపకు పోయి కటింగ్ బ్లేడ్లు తేవాల. సాయంత్రానికి వచ్చినా చాలు, నిదానంగా రా. దర్గా కాడ బిర్యానీ తినేసి రా" అని చేతిలో డబ్బు పెట్టాను.

ఆయన నన్ను అదోలా చూశాడు. ఇరవై ఆరేళ్లలో మేం ఎప్పుడూ ఆయనకు బిర్యానీ తినమని డబ్బివ్వలేదు. డబ్బు జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ప్రవీణ్ పదింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నిమిషానికోసారి వాచీ చూసుకునే రోగం. బండలు చూసి సంతోషించాడు. "బాగున్నాయి మేడమ్. సరిగ్గా అద్దంలానే ఉన్నాయి" అన్నాడు. అక్రమ్ నాకు కన్ను గీటాడు. లోడింగు మొదలైంది. పదకొండున్నరకు సగం లారీ నిండింది. గుండె మీద బరువు కూడా సగం దిగింది.

అప్పుడే గేటు చప్పుడైంది. ఏసేపన్న. చేతిలో చెంబు.

"షమమ్మా, సగం దోవలో గ్యాపకమొచ్చె. బ్లేడ్లు నిన్ననే నేను దించితి గదా. అందుకే బస్సు దిగి వెనక్కొచ్చినా" అన్నాడు. చూపు మాత్రం లారీ మీదే ఉంది. "ఇవి యాడికి పోతాండాయి?"

"మెట్రోకు అన్నా. నువ్వు ఇంటికి పో. ఈ పొద్దు నీకు సెలవు."

"మెట్లకేసేవి ఏవి? రైలెక్కే అంచున వేసేవి ఏవి?"

"అన్నీ అవే. పో అన్నా, నీకు దండం పెడతా."

ఆయన లారీ పక్కన పేర్చిన బండల మీద సుద్ద ముక్కతో గబగబా గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. పోలీసు, పోలీసు, పోలీసు. ప్రవీణ్ వాచీ చూసుకోవడం మానేసి ఆ గుర్తులు చూశాడు.

"ఏంటి మేడమ్ ఇది? ఎవరాయన?"

"ఎవరూ కాదు సార్. పాత మనిషి. పట్టించుకోవద్దు."

"ఈ బండలు పోకూడదు సార్" అన్నాడు ఏసేపన్న ప్రవీణ్ ముందుకొచ్చి. "మీ ఊర్లో వాన పడతాది గదా. జనం తడిసి వస్తారు. ఆరు పెట్టెల రైలంటే ఎంతమంది దిగుతారు? అంతమందీ ఒకేసారి ఈ మెట్ల మీద దిగితే ఏమైతాది?"

"స్టేషనుకు పైకప్పు ఉంటుందయ్యా."

"గొడుగు మూసేది పైకప్పు కిందికొచ్చినాకనే గదా సార్. ఆ నీళ్లు యాడికి పోతాయి?"

ప్రవీణ్ వంగి బండను వేలితో రుద్ది చూశాడు. మిషన్లు ఆగాయి. ముప్పై ముగ్గురూ పని వదిలేసి చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఇంటి అద్దెకు నన్నే నమ్ముకున్నవాళ్లు, నా ముఖంలోకి చూస్తున్నారు. నాలో కోపం కట్టలు తెంచుకుంది.

"ఏసేపన్నా! ఇరవై ఆరేండ్లు భరించినాం. ఇంక చాలు. రేపట్నించి నువ్వు పనికి రావద్దు!"

ఏసేపన్న ఒక్క క్షణం నన్ను చూశాడు.

"రేపటి మాట రేపు చూసుకుందాంలేమ్మా. ఈ పొద్దుకు ఇంకా నీ కూలోణ్ణే గదా" అని, కింద పరిచి ఉన్న బండ మీద చెంబెడు నీళ్లూ పోసేశాడు.

ఇక నాకు ఒళ్లు తెలియలేదు. "ఏం కాదు సార్, చూడండి, నేను నడిచి చూపిస్తా" అంటూ చరచరా ఆ బండ మీదికి పోయాను. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగు ఎక్కడ పడిందో నాకు తెలీదు. ఆకాశం కనపడింది, తర్వాత అక్రమ్ ముఖం కనపడింది. ముప్పై నాలుగు మంది కూలీల ముందు, పట్నం ఇంజనీరు ముందు, ఆ ఫ్యాక్టరీ యజమానిని చతికిలబడి కూర్చున్నాను. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ బాధ కొంచెం తగ్గేది.

ఏసేపన్న చెయ్యందించాడు. "దెబ్బ తగిలెనా తల్లీ? నువ్వు మంచిదానివి గాబట్టి మెల్లగా పడినావు" అన్నాడు. నిజంగా అయ్యో అనే గొంతుతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ చెయ్యి కొరకాలనిపించింది.

ప్రవీణ్ ముఖం పాలిపోయింది. "మేడమ్, ఇప్పుడు నేనేం చేయాలి? ఇవి తీసుకుపోతే ఇది చూసి కూడా తీసుకుపోయినట్టు. తీసుకుపోకపోతే మేస్త్రీలు ఖాళీగా ఉంటారు, నా ఉద్యోగం పోతుంది."

"ఉండాది సార్ దోవ" అన్నాడు ఏసేపన్న. "అన్నిటికీ వద్దు. మెట్లవీ, రైలంచువీ మాత్రమే. అంచుకు బెత్తెడు లోపల మూడు గీతలు కొడితే చాలు. మెరుపు మెరుపే, కాలికి పట్టు పట్టే."

"గీతలు కొడితే బండ నిలుస్తుందా? రెండేళ్లకు అంచు రాలిపోతే? మా పెద్దసారు రుజువడుగుతాడు. ఇట్లా గీతలు కొట్టిన బండ ఏళ్ల తరబడి నిలిచినట్టు ఎక్కడైనా చూపించగలవా?"

ఏసేపన్న తల దించుకున్నాడు. "యాడా లేదు సార్" అన్నాడు. నాకు వింతగా అనిపించింది. ఆయన తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఉండాది!" అని వెనకనుంచి గొంతొచ్చింది. మిషను నడిపే రంగన్న.

"నోరు మూసుకోరా రంగా" అన్నాడు ఏసేపన్న గబుక్కున.

"మూసుకోను. పదేండ్లు మూసుకుంటి, చాలు. అమ్మా, శుక్రవారం మనకు సెలవు గదా. ప్రతి శుక్రవారం ఈయప్ప ఉలీ సుత్తీ సంచిలో ఏసుకుని యాడికి పోతాడో మీకు తెల్సా? యాడ నీళ్లు పోసి జారినాడో, తిట్లు తిన్నాడో, ఆడికే పోతాడు. ఎవరూ లేని టైం చూసుకుని గీతలు కొట్టి వస్తాడు. రెండుసార్లు నన్నూ తోడు తీస్కపోయినాడు. బ్యాంకు కాడ కొట్టినాం. బడిలో చెయ్యి కడుక్కునే కాడ కొట్టినాం. ఆస్పత్రిలో ఏటవాలు దోవ ఉండాది గదా, అది కొట్టి ఏడేండ్లు."

అక్రమ్ నా వైపు తిరిగాడు. "అక్కా, మన మసీదులో నమాజుకు ముందు వజూ చేసుకునే కాడ గీతలున్నాయి. నేను రోజూ వాటి మీదే నిలబడి కాళ్లు కడుక్కుంటా. డిజైన్ అనుకున్నా."

"అదీ ఈయప్పదే" అన్నాడు రంగన్న.

నేను ఏసేపన్న వైపు చూశాను. దొంగతనం బయటపడ్డవాడిలా చెవులు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. ప్రవీణ్ మాత్రం వాచీ చూసుకున్నాడు. పన్నెండు ఇరవై.

"ఆసుపత్రి ఎంత దూరం?"

"ఆటోలో పది నిమిషాలు."

ఆటోలో నలుగురం ఇరుక్కున్నాం. నేను, ప్రవీణ్, ఏసేపన్న, అక్రమ్. రైల్వే గేటు పడింది. సిమెంటు వ్యాగన్ల గూడ్సు, తోక కనపడదు. నేను పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర మానేశాను. ప్రవీణ్ గోళ్లు కొరుకుతున్నాడు. ముప్పై నాలుగు ఇళ్ల అన్నం గూడ్సు బండి వెనక ఆగి ఉంది.

ఆసుపత్రికి పోయేసరికి ఆయా ఏటవాలు దారిని అప్పుడే నీళ్లు పోసి కడుగుతోంది. ఏసేపన్నను చూడగానే చీపురు ఎత్తింది. "మళ్లీ వచ్చినావా! ఈ పొద్దు నీళ్లు నేనే పోసినాలే, నువ్వు పోసే పని లేదు పో."

ప్రవీణ్ వంగి చూశాడు. బండల మీద అడ్డంగా సన్నటి గీతలు, వరుసగా, పై నుంచి కింద దాకా. ఒక్క అంచు రాలలేదు. అప్పుడే రామేశ్వరమ్మ అనే ముసలామె, మోకాలి కట్టు విప్పించుకుని, కట్టె పట్టుకుని ఆ తడి మీదే కిందికి దిగుతోంది. ప్రవీణ్ చెయ్యి పట్టుకోబోయాడు.

"ఏమిటికి నాయనా? ఈ దోవ మంచిదే. ఆస్పత్రి అంతా ఈడొక్క చోటే నాకు భయం ల్యాకుండా ఉండాది" అని ఆమె చెయ్యి తోసేసి పోయింది.

ప్రవీణ్ ఆ తడిలో మెరిసే బూట్లతో పైకెక్కాడు. దిగాడు. పరిగెత్తి ఎక్కాడు. దూకాడు. ఆయాకు ఇద్దరు పిచ్చివాళ్లయ్యారని అర్థమై చీపురు పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. అక్రమ్ అదంతా ఫోన్లో వీడియో తీశాడు. వీడియో పట్నంలో పెద్దసారుకు పోయింది.

ఆ తర్వాత ముప్పై ఐదు నిమిషాలు ఆసుపత్రి గేటు దగ్గర ఫోను చూస్తూ నిలబడ్డాం. నాకు నోరు పిడచకట్టుకుపోయింది. ఏసేపన్న ఎక్కడినుంచో నీళ్లు తెచ్చిచ్చాడు. నా మనసెరిగి, "తాగమ్మా, నేలకు కాదులే" అన్నాడు.

ఫోను మోగింది. ప్రవీణ్ స్పీకర్లో పెట్టాడు.

"నువ్వు స్వయంగా నడిచావా?"

"నడిచాను సార్. గెంతాను కూడా."

"చూశాను. బూట్లు మార్చుకోలేదు కదా?"

"లేదు సార్."

పెద్దసారు, "సరే, గీతలు కొట్టించు. కానీ లారీ ఐదుకే కదలాలి. ఐదున్నర అంటే నేను ఒప్పుకోను, వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు" అని ఫోను పెట్టేశాడు.

ఫ్యాక్టరీకి తిరిగి వచ్చేసరికి ఒకటిన్నర. మెట్లవీ, అంచువీ కలిపి రెండు నూర్ల పది బండలు. చేతి కటింగ్ మిషన్లు నాలుగు. లెక్క వేస్తే సరిగ్గా సరిపోతుంది. మొదలుపెట్టాం. డెబ్బై బండలు అయ్యాయి. రెండున్నరకు కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు. అక్రమ్ ఫోన్ చేస్తే, లైను మీద పని జరుగుతోంది, ఐదింటికి వస్తుంది అన్నారు. నేను బండ మీదే కూర్చుండిపోయాను. నూట నలభై మిగిలాయి. అయిపోయింది అనుకున్నాను. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి కూడా టైం లేదు.

ఏసేపన్న లోపలికి పోయి తన సంచీ తెచ్చి కింద కుమ్మరించాడు. ఉలులు. చిన్నవీ పెద్దవీ, పదిహేడు. "మీ నాయన కాలంలో మిషన్లు యాడుండె? చేత్తోనే గదా కొడతాంటిమి. ఉలి పట్టుకునేకి వచ్చినోళ్లు ఈడికి రాండి. రానోళ్లు దారం పట్టుకోండి" అన్నాడు.

పాతవాళ్లు ఉలులు అందుకున్నారు. అబ్బాకు ఎవరు చెప్పారో, డెబ్బై రెండేళ్ల మనిషి ఆటో దిగి, లుంగీ ఎగ్గట్టి, ఒక ఉలి లాక్కుని కూర్చున్నాడు. నేను గీత గీసే దారం ఒక కొస పట్టుకుంటే, రెండో కొస ప్రవీణ్ పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా నిండా సుద్ద. వాచీ తీసి జేబులో వేసుకున్నాడు, చూస్తే పని సాగడం లేదన్నాడు. ఠక్ ఠక్ ఠక్. మధ్యలో రెండు బండలు పగిలాయి. పగిలిన ప్రతిసారీ అందరం ఏసేపన్న వైపు చూస్తే, ఆయన తల ఎత్తకుండానే "వేరేది తీస్కో" అనేవాడు. నాలుగింటికి నలభై మిగిలాయి. నాలుగున్నరకు పద్దెనిమిది. లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేసి పెట్టాడు. ఆ చప్పుడుకు సుత్తులు ఇంకా జోరుగా పడ్డాయి.

మసీదులో సాయంత్రం నమాజుకు పిలుపు వినపడేసరికి చివరి బండ లారీ ఎక్కింది. తాళ్లు బిగించి లారీ గేటు దాటేసరికి ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ. అందరూ ఉన్నచోటే కూలబడ్డారు.

నేను ఏసేపన్న దగ్గరికి పోయాను. ఆయన వేళ్ల మీద నీటి బొబ్బలు లేచాయి.

"అన్నా, రేపు పనికి రా."

"ఎట్ల వస్తా? తీసేసినావు గదా."

"మళ్లీ పెట్టుకున్నా. మాట పడేసినా, తప్పయింది."

"అట్లయితే ఒకటి. మీ ఆఫీసు రూము గడప బండ శానా అన్యాయంగా ఉండాది. శుక్రవారం వచ్చి కొడతా. తిట్టొద్దు."

"తిట్టను. కానీ ఒకటి చెప్పు. అన్ని చోట్లా అంత మంచి పని చేసి, దొంగ మాదిరి ఎందుకు దాచినావు? చెప్పి చేసుంటే ఊరంతా నిన్ను మెచ్చుకునేది కదా."

ఏసేపన్న బొబ్బల వేళ్లు ఊదుకున్నాడు. "నీళ్లు పోసేటప్పుడు చెప్పే పోస్తాంటి. తిట్టిరి. గీతలు కొడతానంటే కొత్త బండ పాడు చేస్తావా అని కొట్టేకి వస్తిరి. తిట్లు పడేది సగం పని, చేసేది సగం పని. రెండూ ఒకే దినం చేసుకోలేను గదమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న అబ్బా పగలబడి నవ్వాడు. నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి.

మొదటి స్టేషను నచ్చింది. మిగతావీ మాకే వచ్చాయి. పంపేసిన పన్నెండు మందిలో తొమ్మిది మంది తిరిగి వచ్చారు. ముగ్గురు వేరేచోట కుదురుకున్నారు. అన్ని మెట్ల బండలకూ మూడు గీతలు కొట్టాలని కాగితం మీదే రాసి పంపారు. దానికి ఇంజనీర్లు ఏదో పెద్ద పేరు పెట్టారు, మాకు నోరు తిరగదు.

స్టేషను తెరిచిన నెలకు, ఒక మధ్యాహ్నం ప్రవీణ్ ఫోన్ చేశాడు. వెనకాల పెద్ద హోరు.

"మేడమ్, ఇక్కడ పొద్దుటినుంచీ కుండపోత వాన. రోడ్లన్నీ మునిగాయి. ఊరంతా మెట్రోలోకే వచ్చింది. నేను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను."

"ఏమైంది సార్?"

"ఏమీ కాలేదు మేడమ్. అది చెబుదామనే చేశాను. ఏమీ కాలేదు."

నేను పరిగెత్తుకుంటూ పోయి ఏసేపన్నకు చెప్పాను. బండకు గుర్తు పెడుతున్నవాడు ఆగిపోయాడు.

"ఎంతమంది నడిచినారంట?"

"సాయంత్రానికి లక్ష దాటుతారంట."

"ఒక్కరు గూడా?"

"ఒక్కరు గూడా పడలేదన్నా."

ఏసేపన్న సుద్ద ముక్క జేబులో వేసుకుని, నన్ను అడగనైనా అడగకుండా గేటు దాటి పోయాడు. గంట తర్వాత రెండు చేతులా జిలేబీ పొట్లాలతో తిరిగొచ్చాడు. ఫ్యాక్టరీలో అందరికీ పెట్టి, రోడ్డెక్కి, పోయే వచ్చే ప్రతివాణ్ణీ ఆపి పెట్టడం మొదలుపెట్టాడు. సైకిల్ మీద పోతున్న బ్యాంకు వాచ్‌మన్‌ను కూడా ఆపాడు. వాడు అనుమానంగా చూసి, "ఏమప్పా విశేషం? మనవడు పుట్టినాడా?" అని అడిగాడు.

"లేదప్పా. పట్నంలో ఏమీ జరగలేదు" అని ఏసేపన్న వాడి చేతిలో రెండు జిలేబీలు పెట్టాడు. "తీస్కో, తీస్కో. ఇంకొకటి తీస్కో."